నై పుణ్యం

సర్వేవాళ్ళు కనబడితే పక్క సందులోకి తప్పుకునే మహానుభావులారా, మీరెంత పొరపాటు చేస్తున్నారో మీకు తెలియదు! పని చేయడంలో ఏముంది? చీమ చేస్తుంది, గాడిద చేస్తుంది. పని మీద పరిశోధన చేయాలంటే మాత్రం చదువుండాలి, ఏసీ గది ఉండాలి, పవర్‌పాయింట్ ఉండాలి. ఈ దుబాయ్‌లో ఇన్ని మేడలు లేచింది మేస్త్రీల వల్లనే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారంటే జాలి వేస్తుంది.

పూర్వం మనిషికి తానెవరో తెలిసేది కాదు. పొద్దున లేచి పనికి పోయేవాడు, సాయంత్రం వచ్చి తిని పడుకునేవాడు. ఇప్పుడలా కాదు. ఒక కుర్రవాడు మెడలో బ్యాడ్జీ వేసుకుని వచ్చి, పది ప్రశ్నలు అడిగి, నువ్వు ఫలానా కేటగిరీ అని చెప్పిపోతాడు. ఆత్మజ్ఞానం కోసం మన పెద్దలు అడవులకు పోయారు. మనకు అది క్యాంపు మెస్ హాలుకే వస్తోంది!

ఇంకా సందేహమా? అయితే జిలానీ బాషా సంగతి వినండి. ఉద్యోగాల పరిశోధన వల్ల ఒక కాపురం ఎలా నిలబడిందో మీకే తెలుస్తుంది.

జిలానీ బాషాది రాయచోటి. ఉండేది దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో. నేలకు టైల్స్, పాలరాయి పరిచే మేస్త్రీ. తన పని గురించి తక్కువ చెప్పుకోవడం అతనికి పుట్టుకతో రాలేదు. తాను పరిచిన నేల మీద గోలీ పెడితే అది ఎటు పోవాలో తెలియక అక్కడే కూర్చుంటుందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. తోటివాళ్ళకు అతని నేల మీద ఫిర్యాదు లేదు, నోటి మీదే ఉండేది.

అతని భార్య అక్తర్ బీ కూడా ఈ దేశంలోనే ఉంది. ఫుజైరాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. అంటే మొగుడు ఈ సముద్రం వైపు, పెళ్ళాం ఆ సముద్రం వైపు, నడుమ కొండలు, ఇసుక. శుక్రవారం శుక్రవారం అతను షేర్ ట్యాక్సీలో మసాఫీ కొండలు దాటి పోయేవాడు. ఇద్దరూ ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని, ఆమె డబ్బాలో తెచ్చింది తిని, నూనె పోయించుకోవడానికి వరసగా నిలబడ్డ ఓడల్ని చూసేవారు. పొద్దు వాలేలోగా అతను ట్యాక్సీ ఎక్కాలి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాళ్ళది ఇంకా పెళ్ళిచూపుల దశే.

కలిసి ఉండకూడదా అంటారా? ఉండకూడదు మరి. జిలానీ బాషా వీసాలో ‘లేబర్’ అని ఉంది. వచ్చేటప్పుడు కడప ఏజెంటు ఏది దొరికితే అది రాయించాడు. వీసాలో రాసిన ఈ ఉద్యోగం పేరును ఇక్కడ మెహనా అంటారు. మెహనా లేబర్ అయితే భార్యను దగ్గర ఉంచుకునే యోగం లేదు. ఫోర్‌మన్ అయితే ఉంది. పెళ్ళాం అదే, మొగుడు అతనే, మారాల్సింది ఆ ఒక్క మాట. అక్తర్ బీ కఫీల్, అంటే ఆమెకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు, మంచివాడే. “నీ మొగుడు ఫ్యామిలీ వీసా తీసిన రోజు నిన్ను వదిలేస్తాను” అని మాట కూడా ఇచ్చాడు.

ఆ ఒక్క మాట మారే రోజు రానే వచ్చింది. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, జిలానీ బాషాను పిలిచి శుభవార్త చెప్పాడు. ఒక పెద్ద అధ్యయన సంస్థ వాళ్ళు ఉద్యోగాల మీద, పనివాళ్ళ స్కిల్స్ మీద సర్వే చేస్తున్నారు. అందులో స్కిల్డ్ అని వస్తే చాలు, ఫోర్‌మన్ మెహనాకు కాగితాలు పెడతానన్నాడు.

ఆ శుక్రవారం అక్తర్ బీ తన సంచిలోంచి ఒక నీలం కర్టెన్ గుడ్డ తీసి చూపించింది.

“గదే లేదు, కర్టెన్ ఏం జేసుకుంటావు మే?” అన్నాడు జిలానీ బాషా.

“గది వచ్చినాక పోతే నచ్చింది దొరకదు. ఇప్పుడే కొనిపెట్టినా” అంది ఆమె. గుడ్డను నాలుగు మడతలు పెట్టి మళ్ళీ సంచిలో దాచుకుంది. ఆ రోజు అతను ట్యాక్సీలో కొండలన్నీ దాటేదాకా ఆ కర్టెన్ ఏ కిటికీకి కడితే బాగుంటుందా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

సర్వే వచ్చింది. మెస్ హాల్లో బల్ల వేశారు. వేరే క్యాంపుల్లో బల్ల ఊగకుండా కాలి కింద అట్టముక్క పెట్టుకోవాల్సి వచ్చిందట. ఇక్కడ అది ఇసుమంత కూడా కదల్లేదు. ఆ హాలు నేల ఎవరు పరిచారో సర్వేలో ప్రశ్న లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

అడిగే కుర్రవాడిది లక్నో. మాటలు హిందీలో నడిచాయి, మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను. పేరు, ఊరు, వయసు అయ్యాక ఆ కుర్రవాడు తన వైపు యాసలో అడిగాడు.

“ఇస్కిల్ ఉందా?”

ఇక్కడ కాస్త భాషాశాస్త్రం అవసరం. లక్నోలో స్టేషన్ ఇస్టేషన్. రాయచోటిలోనూ స్టేషన్ ఇస్టేషనే. లక్నోలో స్కూలు ఇస్కూల్. రాయచోటిలోనూ ఇస్కూలే. ఇన్నింటిలో కలిసిన రెండు ఊళ్ళు ఆ ఒక్క మాట దగ్గర విడిపోతాయని ఎవరనుకుంటారు? స్కిల్ అనే మాట జిలానీ బాషా ముదీర్ నోట ఇంగ్లీషులో విన్నాడే గానీ ముందు ‘ఇ’ తగిలించుకుని రావడం ఎన్నడూ వినలేదు. అతని చెవిలో పడింది ఇస్కూలే.

“ఇస్కూల్ నాకెందుకు సాబ్? లేదు” అన్నాడు.

“అసలు లేదా?”

“అసలు లేదు. దాని మొగమే చూడలేదు. అది లేకుండానే ఇంత పని చేస్తాండా. అంతా మా నాయన దగ్గర చేతుల్తో నేర్చుకున్నదే. మా రూములో అది ఉండేటోళ్ళు ఉండారు, వాళ్ళకు ఒక్క టైలు తిన్నగా పెట్టేది వస్తాదేమో అడుగు.”

కుర్రవాడు నిజాయితీపరుడు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. స్కిల్ లేదు. లేదన్న విచారమూ లేదు. పైగా స్కిల్ ఉన్నవాళ్ళంటే చిన్నచూపు.

కొన్నాళ్ళకు ముదీర్ పిలిచాడు. “జిలానీ, నీకు స్కిల్ లేదట” అన్నాడు బాధగా.

“నిన్న హోటల్ లాబీలో పాలరాయి పరిచింది ఎవరు సాబ్?”

“నువ్వే. చాలా బాగా పరిచావు. ఓనర్ కూడా మెచ్చుకున్నాడు. కానీ రిపోర్టులో లేదు కదా.”

చూశారా పరిశోధన బలం! కళ్ళతో చూసిన పాలరాయి కంటే కాగితం మీద చూడని పాలరాయి ఎంత బరువైనదో. ముదీర్ అతన్ని పనిలోంచి తీయలేదు, జీతం కోయలేదు. రేపు ఇంకో లాబీ ఉంది, పొద్దున్నే రమ్మన్నాడు. స్కిల్ లేకపోయినా ఫర్వాలేదట, పని అలాగే బాగా చేస్తే చాలునట.

శుక్రవారం ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని అతను సంగతి చెప్పాడు. అక్తర్ బీ ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. విన్న వెంటనే పొరపాటు ఎక్కడ జరిగిందో పట్టేసింది.

“ఏమయ్యా, అడిగింది ఇస్కూలు కాదు, స్కిల్లు. నువ్వు గొప్పలకు పోయి లేదు లేదని అంతసేపు చెప్పినావా?”

తన నోరు తన మీదకే తిరగబడటం అతనికి అదే మొదటిసారి. తలెత్తి ఆమె మొహం చూడలేక ఓడల్ని చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది ఫైజా. ఆమెది అదే అధ్యయన సంస్థ. తల్లిదండ్రులది హైదరాబాద్, ఆమె పెరిగింది షార్జాలో. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మెడలో బ్యాడ్జీ, భుజాన కెమెరా. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ గురించి రాసుకోవడానికి సెలవు రోజున ఒడ్డుకు వచ్చింది. వీళ్ళ మాటలు విని ఆగింది.

“మీరు తెలుగువాళ్ళా ఆంటీ? రెండు క్వశ్చన్స్ అడగాలె, టైం ఉందా?” అని పక్కనే కూర్చుంది. అక్తర్ బీ డబ్బాలోంచి ఒక ముద్ద ఆమె చేతిలో కూడా పెట్టింది.

“అంకుల్ ఇదే దేశంల ఉన్నరు కదా. మీరు కలిసి ఎందుకు ఉంటలేరు?”

“పని ఉండాది గదమ్మా” అంది అక్తర్ బీ. ఇంకేం చెప్పాలో, ఎంత చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఫైజా ఆ మాటే రాసుకుంది. తర్వాత ఇద్దర్నీ దగ్గరగా కూర్చోమని ఫోటో తీసింది. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో అంతకుముందు ఒక్కటీ లేదు గనుక అక్తర్ బీ పైట సర్దుకుని, మొగుడి చొక్కా కాలరు కూడా సరిచేసి, నిటారుగా కూర్చుంది.

జిలానీ బాషా తన గోడు ఆ పిల్లకు చెప్పుకున్నాడు. ఫైజా మంచి పిల్ల. కళ్ళు పెద్దవి చేసి వింది. “ఇది లాంగ్వేజ్ ప్రాబ్లమ్ అంకుల్. మీ భాషల అడిగితే ఈ మిస్టేక్ కాకపోతుండె. నేను మా సార్‌తోని మాట్లాడి తెలుగుల క్వశ్చన్స్ చేయిస్తా. మిమ్మల్ని మళ్ళ అడుగుతం” అంది.

అన్నంత పనీ చేసింది. ప్రశ్నలు హైదరాబాద్‌లో ఒక అనువాదకుడి దగ్గరికి వెళ్ళాయి. ఆయనకు మాతృభాష మీద మమకారం ఎక్కువ, మనుషులు మాట్లాడే తెలుగంటే కాస్త అనుమానం. స్కిల్ అని ఉన్నచోటల్లా శుద్ధమైన తెలుగు మాట వేశాడు. సంస్థ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు రావు గనుక అంతా ఇంగ్లీషు లిపిలో దిగింది.

ఇటు సోనాపూర్‌లో జిలానీ బాషాకు శిక్షణ మొదలైంది. శిక్షకుడు అతని రూములో ఉండే నెల్లూరు అల్లాబకాష్. కారు డ్రైవరు కావడం వల్ల లోకం తెలిసినవాడని పేరు.

“ఇస్కిల్ అన్నా, స్కిల్ అన్నా, కిల్ అన్నా ఉందను. మిగతా వాటికి తొందరపడి నోరు జారబాక. ఏమడిగినారో బాగా ఆలోచించి చెప్పు. ఈసారన్నా గొప్పలకి పోబాక” అన్నాడు అల్లాబకాష్.

జిలానీ బాషా బుద్ధిగా తలూపాడు. పనికి పోయే బస్సులో కూడా “స్కిల్ ఉంది, స్కిల్ ఉంది” అని తనలో తాను అనుకునేవాడు.

మళ్ళీ అదే హాలు, అదే ఊగని బల్ల. ఫైజా ఎదురుగా కూర్చుని కాగితం చూస్తూ చదవసాగింది.

“మీకు దురలవాట్లు ఉన్నాయా?”

“లేవమ్మా.”

“పోలీసు కేసులు ఉన్నాయా?”

“లేవమ్మా.”

“దీర్ఘ... కాలిక వ్యాధులు ఉన్నాయా?”

“అల్లా దయ. లేవు.”

ఫైజా తర్వాతి మాట దగ్గర ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పొడుగాటి మాటను ఎక్కడ విరవాలో ఆమెకు తెలియలేదు. రెండు ముక్కలు చేసి చదివింది.

“మీకు నై... పుణ్యం ఉందా?”

జిలానీ బాషా తొందరపడలేదు. అల్లాబకాష్ చెప్పినట్టు బాగా ఆలోచించాడు. నై అంటే లేదు, అది ఇంట్లో మాట్లాడే ఉర్దూ. పుణ్యం అంటే పుణ్యమే, అది బజారులో మాట్లాడే తెలుగు. నై పుణ్యం అంటే పుణ్యం లేకపోవడం. దురలవాట్ల తర్వాత, పోలీసు కేసుల తర్వాత, రోగాల తర్వాత ఇంకేమడుగుతారు? ఇంత దూరం వచ్చి, ఒళ్ళు వంచి పని చేసుకునేవాణ్ణి పట్టుకుని పుణ్యం లేనివాడివా అని అడగడం అతని మనసుకు కష్టం కలిగించింది. అయినా ఆడపిల్ల ముందు గొంతు పెంచలేదు.

“లేదమ్మా. అట్లాంటిది మా ఇంటావంటా లేదు” అన్నాడు.

ఫైజా కలం ఆగిపోయింది. “అంకుల్, బాగా ఆలోచించి చెప్పండి.”

“ఆలోచించే చెప్తాండా. రంజాన్ రోజాలు ఇడిచిపెట్టను. ఒకరి పొట్ట కొట్టలేదు. మా నాయనకు గూడా లేదు. అల్లా దయ వల్ల నాకు నై పుణ్యం ఎన్నడూ లేదు, ఇక మీదట గూడా రాదు. రాసుకో తల్లీ.”

ఆ పిల్ల అతని మొహం చూసింది, కాగితం చూసింది. ఎక్కడో ఏదో తేడా వచ్చిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ స్కిల్ ప్రశ్న అదేనని తెలిసినా, ఆ మాట అతనికి ఎలా వినబడిందో ఆమెకు తెలియదు. తెలిసినా లాభం లేదు. ప్రశ్నను విడమరచకూడదు, జవాబు అందించకూడదు అని ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పారు. రాసుకుంది.

బయట అల్లాబకాష్ కాచుకుని ఉన్నాడు. “స్కిల్ అడిగినారా?”

“అడగలేదన్నా. నాకు పుణ్యం లేదా అని అడిగినారు. గట్టిగా చెప్పినా.”

ఆ గట్టిగా చెప్పిన సంగతే అతను ఫోనులో అక్తర్ బీకి కూడా చెప్పాడు.

“ఏమయ్యా” అంది ఆమె. “నై పుణ్యం కాదు. నైపుణ్యం. ఎనిమిదో తరగతి తెలుగు వాచకంలో ఉండె. నైపుణ్యం అంటే పనితనం. నీ చేతుల్లో ఉండేది అదే.”

చెబుతూ చెబుతూ ఆమెకు నవ్వొచ్చింది. వంటింట్లో ఎవరైనా వింటారేమో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆగే వేళకు అది నవ్వు కాదని అతనికి ఇవతల తెలిసిపోయింది. భార్యను ఏడిపించింది సర్వే కాదు, తానే అని అతనికి అనిపించింది.

మరునాడు తన జవాబు మార్చి రాసుకోమని ముదీర్ ద్వారా ఆ సంస్థకు కబురు పెట్టించాడు. డేటా ఫ్రీజ్ అయింది, ఇక మార్చడం కుదరదని జవాబు వచ్చింది. ఇంత వేడి దేశంలో ఏదైనా గడ్డకట్టిందంటే అది డేటా ఒక్కటే!

రిపోర్టు విడుదలైంది. ఏం రిపోర్టండీ అది! బరువు చూస్తేనే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. టైల్స్ పనివాళ్ళలో స్కిల్ లేకపోవడాన్ని గర్వంగా, వంశాచారంగా, దైవానుగ్రహంగా భావించే ధోరణి ఉందని అందులో ఒక అధ్యాయం. ఒకే వ్యక్తిని రెండు భాషల్లో అడిగినా ఒకే జవాబు రావడం సర్వే కచ్చితత్వానికి నిదర్శనమని ఒక పేరా. కాబట్టి స్కిల్డ్ మేస్త్రీలను బయటి నుంచి రప్పించాలని సిఫార్సు. విడుదల సభ జరిగింది కూడా జిలానీ బాషా పాలరాయి పరిచిన లాబీ పక్క హాల్లోనే. వచ్చినవాళ్ళంతా ఆ లాబీలోంచే నడిచి వెళ్ళారు, ఒక్కరికీ కాలు జారలేదు.

అన్నిటికంటే గొప్పది అట్ట మీది బొమ్మ. ఫుజైరా ఒడ్డు, వెనక ఓడలు, ముందు రాళ్ళ మీద జిలానీ బాషా, అక్తర్ బీ. కింద పెద్ద అక్షరాల్లో ‘మారుతున్న వర్క్‌ఫోర్స్’. లోపల వివరణ కూడా ఉంది. కెరీర్‌కు ప్రాధాన్యమిచ్చి, ఇష్టపూర్వకంగా విడివిడిగా జీవిస్తున్న కొత్త తరం దంపతులట! ‘పని ఉండాది గదమ్మా’ అనే మాటకు ఇంగ్లీషులో అంత అర్థం ఉందని అక్తర్ బీకే తెలియదు.

ఒక ప్రతి పట్టుకుని ఫైజా తనే శుక్రవారం ఒడ్డుకు వచ్చింది. ఈసారి కెమెరా తేలేదు.

“సారీ ఆంటీ. అంకుల్ ఎంత మంచి మేస్త్రీనో నాకు తెలుసు. మా సార్‌కు చెప్పిన. నాకు తెలిసింది డేటా కాదట” అంది. రిపోర్టును అక్తర్ బీ ఒళ్ళో పెట్టింది.

“నువ్వేం జేస్తావులే తల్లీ” అంది అక్తర్ బీ. ఎప్పటిలాగే డబ్బాలోంచి ముద్ద తీసి ఆమె చేతిలో పెట్టింది. జిలానీ బాషా ఆ రోజు నేల గురించి గానీ గోలీ గురించి గానీ ఎత్తలేదు.

పనిచేసే ఇంటికి తిరిగి పోయాక అక్తర్ బీ రిపోర్టులోని పేజీలన్నీ వంటింట్లో నూనె పీల్చడానికి వేరే పెట్టింది. అట్ట మాత్రం జాగ్రత్తగా విడదీసింది. దాన్ని నీలం కర్టెన్ మడతల మధ్య పెట్టి, రేకు పెట్టెలో అడుగున దాచి, తాళం వేసుకుంది.

మరి నేను మొదట్లోనే చెప్పలేదా, పరిశోధన వల్ల ఒక కాపురం నిలబడిందని? ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒక్కచోటే ఉంటున్నారు. వీసా అడిగేవాళ్ళు లేరు, మెహనా అడిగేవాళ్ళు లేరు, పొద్దు వాలేలోగా ట్యాక్సీ ఎక్కాల్సిన పని లేదు. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న కర్టెన్ కూడా ఉంది. గదే కాస్త ఇరుకు, గోడలు రేకువి, కిటికీ లేదు.